కదలని చుక్కలకు చలనచిత్రమేల?

చలనచిత్రము కదలెడి వస్తువులకొరకు పుట్టిన విద్య. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊగుచు సాగివచ్చు ప్రభను, కారెంపూడిలో కొణతములు పట్టి ఊరేగు వీరాచారవంతులను వీడియో తీసిన నెవ్వరును వింతపడరు. కాని గంటసేపు రెప్పవాల్చక చూచినను చుక్కల నడుమ తలవెండ్రుక వెడల్పైన జరిగినట్లు తోపని గురుగ్రహమును వేల ఫ్రేముల వీడియోగ తీసి, ఆ వీడియోను మరల ఫ్రేములుగ విడదీసి, తుదకు వానియన్నిటినుండి ఒకే యొక్క నిశ్చలచిత్రమును రాబట్టుట, తెలియనివారికి తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చుటగ కన్పట్టును. ఒక్క ఫొటో తీసిన చాలదా యని యడుగుదురు. చాలదు. ఏలయన, గ్రహము కదలకున్నను దానికిని మనకును నడుమనున్న గాలి కదలుచున్నది.

భూమిని ఆవరించియున్న వాయుమండలము ఎల్లెడల నొకే వేడిమి గలది గాదు. వెచ్చని గాలి, చల్లని గాలి చిన్న పెద్ద ముద్దలుగ ఒకదానిలో నొకటి కలియుచు, విడివడుచు, పైకి లేచుచు, క్రిందికి దిగుచు నిరంతరము పొర్లుచుండును. వెచ్చని గాలిలో కాంతి వంగు తీరు వేరు, చల్లని గాలిలో వేరు. కోట్లకొలది కిలోమీటర్ల శూన్యమును ఏ యడ్డంకియు లేక దాటివచ్చిన కిరణము, ఇల్లు చేరువేళకు కడపటి పదిపదునైదు కిలోమీటర్లలో ఈ ముద్దల నడుమ చిక్కి అటు నిటు తొణకును. నక్షత్రము మినుకుమినుకుమనుటకు కారణమిదియే. దూరదర్శినిలో ఇన్నూరు మున్నూరు రెట్లు పెద్దది చేసి చూచునపుడు ఈ తొణకుడు గూడ అన్ని రెట్లు పెరిగి, గ్రహబింబపు టంచులు అల్లల్లాడుచు, నడిమి రేఖలు అతుకుచు, విరుగుచు, అదృశ్యమగుచు నుండును. ఒక సెకను కాలము కెమెరా కన్ను తెరచి యుంచితిమేని ఈ యల్లలాట యంతయు ఒకదానిపై నొకటి పూయబడి మసక మిగులును. సెకనులో నూరవవంతు మాత్రమే తెరచితిమేని, ఆ లిప్తలో గాలి యెట్లున్నదో అట్లే పట్టువడును. పెక్కు లిప్తలలో అది వికృతముగనే యుండును. ఎప్పుడో ఒకప్పుడు మాత్రము దూరదర్శిని నోటియెదుట నున్న గాలి తనంతట తాను సర్దుకొని, అద్దము శక్తి యెంతయో అంతయు బయటపడనిచ్చును. ఆ శుభలగ్నమును గణించు పంచాంగము లేదు గనుక, ఎడతెగక తీయుచునే యుండవలెను; ఎడతెగక తీయుటయే వీడియో.

ఆ శుభలగ్నము లెంత తఱచుగ వచ్చునో 1978లో డేవిడ్ ఫ్రీడ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు లెక్కగట్టి చూపెను. ఆయన లెక్కకు మూలము, గాలిలో వెలుగు చెదరక నేరుగ సాగిపోగల పాయ యొక్క వెడల్పు. సామాన్యమైన యొక రాత్రి అది 5 సెంటీమీటర్లని యనుకొందము. అపుడు 20 సెంటీమీటర్ల అద్దము గల దూరదర్శినికి దాదాపు రెండు ఫ్రేములలో నొకటి నిర్మలముగ వచ్చును. 25 సెంటీమీటర్ల దానికి 9 ఫ్రేములలో నొకటి. 30 సెంటీమీటర్ల దానికి 50లో నొకటి. 35 సెంటీమీటర్ల దానికి సుమారు 370లో నొకటి మాత్రమే. అప్పుచేసి పెద్ద అద్దము కొన్నవాడు చిన్న అద్దపువాని కంటె తఱచుగ నిరాశపడుట ఇందువలననే. అయినను ఆ మున్నూటడెబ్బదిలో నొక్కటి చిక్కెనా, దానిలో చిన్న అద్దమెన్నటికిని చూడజాలని సూక్ష్మములుండును. అదృష్టముపై నాధారపడినది గనుక ఈ పద్ధతికి శాస్త్రజ్ఞులే అదృష్టచిత్రణమను నర్థము వచ్చు పేరు పెట్టిరి.

ఇక మన పలనాటి గాలి యెట్టిదో చెప్పవలసియున్నది. సున్నపురాతి నేల మనది. మాచర్ల, దాచేపల్లి పరిసరములలో నేల త్రవ్విన నాపరాయి, ఇంటి గచ్చు నాపరాయి, పాత మిద్దెల కప్పు నాపరాయి, పొలము గట్టున నిలువుగ పాతిన కంచె గూడ నాపరాయియే. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ సీమలోనిదే గదా. పగలంతయు కాగిన రాయి సాయంకాలము సూర్యుడు క్రుంకగనే చల్లారదు. అర్ధరాత్రి దాక తన వేడిని మెల్లమెల్లగ గాలిలోనికి విడుచుచునే యుండును. కావున నాపరాళ్ళ మిద్దెపై మూడుకాళ్ళ పీటను నిలిపి, చీకటిపడిన వెంటనే గురుగ్రహమును తీయబూనినవాడు గ్రహమును గాక తన మిద్దెనుండి లేచు సెగనే చిత్రించినవాడగును. అదే దూరదర్శినిని ఊరిబయట గడ్డి మొలచిన మట్టినేలపై నిలిపి, తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు తీసిచూచిన, బింబము చాలవరకు కుదుటబడి యుండును. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల పొగకును దుమ్మునకును ఎడముగ, కార్తీకము మొదలు మాఘము వరకు నున్న పొడి రాత్రులు ఇందులకు మేలైనవి.

ఈ లోపములకు పరిహారముగ ప్రకృతి మనకొక వరమిచ్చినది. మాచర్ల అక్షాంశము పదునారున్నర డిగ్రీలు. 2026 జనవరిలో మిథునరాశియందున్న గురుడు మన నడినెత్తికి ఆరేడు డిగ్రీలలో నిలిచెను. అనగా ఆ వెలుగు అత్యల్పమైన గాలిని మాత్రమే దాటవలసి వచ్చెను. అట్లుగాక 2019 జూనులో వలె గురుడు వృశ్చికమున నున్నపుడు ప్యారిసువారికి ఆయన దిగ్మండలముపై 19 డిగ్రీలకు మించి లేవడు, మనకు 51 డిగ్రీల యెత్తునకు లేచును. ఐరోపావారు ఇంటింట గొప్ప పరికరములుంచుకొనియు ఆకాశపు దక్షిణభాగమున తిరుగు గ్రహములను మన చిన్న పరికరములంత చక్కగ చూడలేని సంవత్సరములు కలవు.

పని యెట్లు జరుగునో ఒక్కింత దగ్గరనుండి చూతము. 20 సెంటీమీటర్ల దూరదర్శినికి కనుకటకము స్థానమున చిన్న వీడియో కెమెరా బిగించి, తీగను ల్యాప్‌టాప్‌నకు తగిలించినంతనే తెరపై గురుగ్రహము బొత్తాము పరిమాణమున ప్రత్యక్షమగును. సెకనుకు 100 ఫ్రేముల చొప్పున రెండు నిమిషములు తీసిన 12,000 ఫ్రేములగును. వానిని ఆపి యొక్కొక్కటిగ జరిపి చూచుట మంచి విద్య. తొందరపడక ప్రతివాడును ఒక్కసారియైన చేయదగినది. ఒక ఫ్రేములో భూమధ్యరేఖకిరువైపుల నుండు గోధుమవన్నె పట్టీలు రెండును అలికినట్లుండును. దాని తరువాతి ఫ్రేములో బింబము ఎడమవైపున కోడిగ్రుడ్డుగ సాగియుండును. ఆ తరువాతిదానిలో దక్షిణపు పట్టీ అంచు మాత్రము గోరు గీసినంత స్పష్టముగ తేలి, ఉత్తరపు పట్టీ పూర్తిగ చెరిగియుండును. ఇట్లు కొన్ని ఫ్రేములు దాటిన పిమ్మట హఠాత్తుగ నొక ఫ్రేములో రెండు పట్టీలును, వాని నడుమ నీలిచారలును, మహారక్తచిహ్నమను ఎఱ్ఱని మచ్చయును ఒక్కమారుగ కనుపించి, మఱు ఫ్రేములో మాయమగును. తీసినవాడు ఆ రాత్రి కంటితో చూచుచున్నపుడు దానిని చూడనేలేదు. సెకనులో నూరవవంతు నిలిచినదానిని కన్ను పట్టజాలదు.

ఈ యేరివేత పనిని నేడు యంత్రగణకము చేయుచున్నది. 2002 ప్రాంతమున హాలెండు దేశస్థుడు కోర్ బెరెవూట్స్ రచించిన రెజిస్టాక్స్, ఆ తరువాత అదే దేశమున ఎమిల్ క్రాయికాంప్ రచించిన ఆటోస్టాకర్ట్ అను సాఫ్ట్‌వేరులు ఈ కళను సామాన్యుల ముంగిట నిలిపినవి. రెండింటిని ఉచితముగనే పంచిపెట్టిరి. ప్రతి ఫ్రేములోను ప్రక్కప్రక్క చుక్కల నడుమ వెలుగు ఎంత వేగముగ మారుచున్నదో అవి కొలుచును. మార్పు తీక్ష్ణముగ నున్న ఫ్రేము నిర్మలమైనది, మెత్తగ నున్నది మసకబారినది. పలనాటి కల్లములలో ఎండిన మిరపకాయల నడుమ కూర్చుండి తాలు నేరివేయు కూలిస్త్రీల చేతులెంత నిర్దయముగ పనిచేయునో ఈ లెక్కయు నంత నిర్దయముగ పనిచేయును: పండ్రెండువేలలో వేయిన్ని ఇన్నూరు నిలుపును, తక్కినవి పారవేయును.

అటుపై నిలిపినవానినన్నిటిని ఒకదానిపై నొకటి పేర్చి సగటు తీయుదురు. ఒక్క మంచి ఫ్రేమునే తీసికొనరాదా యన్న ప్రశ్న సహజము. అతిస్వల్పకాలము తెరచిన ఫ్రేములో వెలుగు తక్కువ గనుక, సెన్సారు తన సొంత చిలిపితనమును అందు కలుపును; ఇసుక చల్లినట్టి ఆ గరుకుదనమును రవ యని, నాయిస్ అని యందురు. ఈ రవ ఒక ఫ్రేములో నొకచోట హెచ్చుగ, మఱియొక ఫ్రేములో నదేచోట తగ్గుగ నుండును. కలిపి సగటు తీసినపుడు హెచ్చుతగ్గులు తమలో తాము కొట్టివేసికొనిపోవును, ప్రతి ఫ్రేములోను ఒకేచోట నుండు గ్రహలక్షణము మాత్రము నిలుచును. నూరు ఫ్రేములు కలిపిన రవ పదవవంతగును. వేయిన్ని ఇన్నూరు కలిపిన ముప్పదియైదవ వంతగును. ఫ్రేముల సంఖ్యకు వర్గమూలము చొప్పున లాభము. ఈ వర్గమూలము లోభి. లాభమును రెట్టింపు చేయుటకు శ్రమను నాలుగురెట్లు చేయుమనును.

అట్లని గంటలకొలది తీయుచు కూర్చుండుటకును వీలులేదు. గురుడు తనచుట్టు తాను తిరుగుటకు పట్టు కాలము 9 గంటల 55 నిమిషములే. మూడు నిమిషములలో దాదాపు రెండు డిగ్రీలు తిరుగును; బింబము నడుమనున్న మచ్చ అంతలోనే దూరదర్శిని గుర్తింపగలిగినంత ప్రక్కకు జరిగిపోవును. గాలి కుదుటపడువరకు ఆగుమని శాస్త్రమొకవైపు చెప్పుచుండ, ఆగవలదని గ్రహము మఱియొకవైపు తొందరించును. శని, కుజ గ్రహములకు వేరువేరు గడువులు కలవు. చంద్రునకు మాత్రమీ చిక్కు దాదాపు లేదు.

కదలెడి కాలమును ముక్కలుచేసి నిశ్చలచిత్రములుగ నిలుపవచ్చునని ఆకాశమునకై మొట్టమొదట తలచినవాడు ఒకప్పుడు మన గుంటూరునకు వచ్చినవాడే యనిన పలనాటివారికి సంతోషము గలుగును. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ బీజాపురము మీదుగ, మన పలనాటి మీదుగ సాగి గుంటూరును దాటి మచిలీపట్టణమున సముద్రమును చేరెను. గుంటూరున ఇంగ్లీషు మేజరు టెనెంటు తన పరివారముతో తడి రసాయనపు గాజుపలకలపై గ్రహణమును ఫొటోలు తీసెను. ఆ యూరనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ వర్ణదర్శినితో సూర్యుని యంచున లేచు జ్వాలలను పరీక్షించి, అవి ఇంత ప్రకాశవంతములైనపుడు గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చును గదా యని తోచి, మరునాడే గుంటూరు టెండలో చూచి చూపెను. హీలియము కథలో ఈ ఘట్టము ప్రసిద్ధము. పాఠ్యపుస్తకములు దానితోనే జాన్సెనును విడిచిపెట్టును.

కాని ఆరేండ్ల పిమ్మట ఆయన చేసిన పని మన ప్రస్తుత విషయమునకు మఱింత దగ్గరిది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబము నడ్డముగ దాటెను. అదే దృశ్యమును మన విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావుగారు గూడ పరిశీలించిరి. శుక్రుడు సూర్యుని యంచును తాకిన సరియైన క్షణము తెలిసినచో సూర్యుని దూరమును గణింపవచ్చును. అయితే తాకువేళ శుక్రుని నల్లని బింబము ఒక నీటిబొట్టుగ సాగి అంచునకంటుకొనినట్లు కనుపించుటచే, ప్రక్కప్రక్క నిలిచి చూచిన యిద్దరి గడియారములు గూడ ఏకీభవింపకుండెను. కంటిని నమ్మలేనపుడు జాన్సెన్ యంత్రమును నమ్మదలచెను. తుపాకి గుండ్ల చక్రము తిరుగు తీరున గుండ్రని పలకను ఆగియాగి త్రిప్పుచు, 72 సెకనులలో 48 చిత్రములను దానియంచు వెంబడి వరుసగ పట్టు నొక సాధనమును నిర్మించి, జపానులోని నాగసాకికి దానిని గొనిపోయెను. సెకనున్నరకొక్క చిత్రము! నేటి కెమెరా ఆ వ్యవధిలో నూటయేబది తీయును. ఐనను క్షణముల వరుసను పట్టి, వానిలోనుండి కావలసిన క్షణమును తీరికగ నేరుకొనుట యను భావమంతయు ఆ పలకపై నున్నది. ఆ సాధనమును చూచియే మారే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1882లో ఎగురు పక్షులను పట్టు ఫొటో తుపాకిని చేసెను. 1895లో ల్యుమియేర్ సోదరులు తమ క్రొత్త సినిమా కెమెరాతో తీసినవారిలో ముసలి జాన్సెన్ గూడ నుండెను. సినిమా పుట్టుకకు చుక్కల లెక్క ఒక కారణమని మన సినిమా అభిమానులలో నెందరికి తెలియును?

ఇది చదివి ఎవరైన తమ సెల్‌ఫోనుతో రాత్రి ఆకాశమును వీడియో తీసి, ఆపి, స్క్రీన్‌షాటు తీసికొని చూచిన, మందమైన చుక్కలున్నచోట నల్లని తెర తప్ప మఱేమియు కానరాదు. దానికి కారణము మూడు విధములు. సెకనుకు 30 ఫ్రేములు తీయు వీడియోలో ఏ ఫ్రేమును సెకనులో 30వ వంతునకు మించి కన్ను తెరచి యుండజాలదు. మందమైన చుక్కకు ఆ కాలము చాలదు. రెండవది, ఫోను వీడియోను కుదించి దాచును: అప్పుడప్పుడొక ఫ్రేమును మాత్రము పూర్తిగ నుంచుకొని, నడుమనున్నవానిలో మారిన భాగమును మాత్రమే వ్రాసికొనును, సన్నని చుక్కను రవగ భావించి తుడిచివేయును. మూడవది, సాధారణపు హెచ్.డి. ఫ్రేములో ఉన్న బిందువులు ఇరువదిలక్షలకు కొంచెము పైన. ఫోను తీయు ఫొటోలో అంతకు ఎన్నో రెట్లుండును. కావున మందతారలకు వీడియో తగదు. ప్రకాశముగల చంద్రుడు, గ్రహములు, ఉల్కలు దీనికి తగినవి. తీసినదానిని పరిశీలించుటకు స్క్రీన్‌షాటు గాక, వి.ఎల్.సి. ప్లేయరులో ఇ అను మీటను నొక్కుచు ఫ్రేము తరువాత ఫ్రేము జరిపి, కావలసినదానిని పి.ఎన్.జి. రూపమున దాచుకొనిన, ఉన్న వివరమైన చెడకుండును.

ఉల్కల విషయమున వ్యవహారము తలక్రిందులగును. గ్రహమునకు వేయి ఫ్రేముల సగటు కావలెను. ఉల్కకు సగటు మృత్యువు. డిసెంబరు 14 ప్రాంతమున మిథునరాశినుండి వెలువడు ఉల్కలు సెకనుకు 35 కిలోమీటర్ల వేగమున వచ్చును. 25 ఫ్రేముల వీడియోలో అట్టి యుల్క ఫ్రేముకు 1.4 కిలోమీటర్లు, అనగా నూరు కిలోమీటర్ల దూరమునుండి చూచువానికి చంద్రబింబపు వెడల్పునకు ఒకటిన్నర రెట్లు జరుగును. అరసెకనులో ఆరిపోయిన యుల్కకు పండ్రెండు ఫ్రేములు దక్కును. ప్రతి బిందువునకు ఆ పండ్రెండింటిలో మిక్కిలి ప్రకాశమైనదానిని ఏరి కూర్చిన, ఆకాశమునకు అడ్డముగ గీసిన వెలుగుగీత యొకటి వచ్చును. గోడకు తగిలించుటకు అది బాగుండును గాని, ఎప్పుడెక్కడ నున్నదో యన్న లెక్క అందు నశించును. కొలుచువాడు పండ్రెండును విడివిడిగనే యుంచుకొనవలెను.

1992 అక్టోబరు 9న, శుక్రవారము సాయంకాలము, అమెరికా తూర్పుతీరమున పాఠశాలల ఫుట్‌బాలు ఆటలను వీడియో తీయుచున్నవారి కెమెరాలలో నొక మహోల్క పడెను. దాని శకలము పీక్‌స్కిల్ అను నూర నొక కారు వెనుకభాగమును బద్దలుచేసెను. పరిశోధకులు ఆ వీడియోలనుండి ఫ్రేములు తీసి, తీసినవారు నిలిచిన స్థలములకు పోయి, ఫ్రేములో కనుపించు స్తంభములను కప్పులను ఆధారముగ కొలతలు తీసికొని, అది సూర్యునిచుట్టు తిరిగిన కక్ష్యనే గణించిరి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ పై ప్రేలిన యుల్కకును కార్లలోని కెమెరాల వీడియోలే ఆధారమయ్యెను.

మన సీమకు దీనినన్వయించి చూతము. నరసరావుపేటకును మాచర్లకును కాకి యెగురు దారిన సుమారు 70 కిలోమీటర్లు. రెండూళ్ళలోను రెండు మిద్దెలపై రెండు చిన్న కెమెరాలు ఒకే యాకాశభాగమువైపు చూచుచు రాత్రియంతయు వీడియో తీసినచో, వాని నడుమ నూరు కిలోమీటర్ల యెత్తున పోవు ఉల్క ఒక యూరి ఫ్రేములో నున్న నక్షత్రముల నడుమనుండి రెండవ యూరి ఫ్రేములో దాదాపు 38 డిగ్రీలు ప్రక్కకు తొలగి కనుపించును. ఆ తొలగుడుతో నెత్తును, ఫ్రేముల లెక్కతో వేగమును తెలియును. కళాశాలలున్న ఊళ్ళివి, ఖర్చు పెద్దది గాదు, రెండుచోట్ల గడియారములు ఫ్రేములో కొంతవంతు మేరకైన కలిసియుండుట యొక్కటే కఠినమైన నియమము.

పద్ధతి చెడు త్రోవయు చెప్పవలెను. పేర్చిన చిత్రము సహజముగ మెత్తగ నుండును గనుక దానికి పదునుపెట్టుదురు. కొంత పదును న్యాయమే. హద్దు మీరిన, కుజుని ప్రకాశమైన యంచునకు లోపల లేని నల్లని గీత యొకటి మొలచును, గురుని పట్టీలలో లేని ముడులు పుట్టును. ఈ మధ్య లోపించిన వివరమును కల్పించి పూరించు సాఫ్ట్‌వేరులు గూడ వచ్చినవి. వాని చిత్రము ముచ్చటగొలుపును, సాక్ష్యమునకు పనికిరాదు. కావున తుదిచిత్రము ఎంత సుందరమైనను మూల వీడియోను చెరిపివేయరాదని నా అభిప్రాయము. చోటు చాలదని చెరిపివేయువారే యెక్కువ.

2010 జూన్ 3న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అను ఔత్సాహికుడు గురుగ్రహమును వీడియో తీయుచుండగ బింబముపై నొక మెరుపు మెరసి రెండు సెకనులలో ఆరిపోయెను. సెన్సారు లోపమో, నడుమ నడ్డువచ్చిన ఉపగ్రహమో యని సందేహింపదగినదే. వార్త వినినంతనే ఫిలిప్పీన్సులోని సెబూ నగరమున క్రిస్టఫర్ గో తానును ఆ రాత్రి గురునే తీసితినని జ్ఞప్తికి తెచ్చుకొని, దాచిన వీడియోను వెదకిచూడగ, అదే నిమిషమున, బింబముపై నదే చోట, అదే మెరుపు దొరకెను. ఒకరిది ఎఱ్ఱ గాజు గుండ, మఱియొకరిది నీలి గాజు గుండ తీసిన వీడియో. రెండింటి ఫ్రేములలోను మెరుపు పెరిగి తరిగిన తీరును కొలిచి, గురునిపై పడిన ఆ వస్తువు 8 మొదలు 13 మీటర్ల వ్యాసము గలదని శాస్త్రజ్ఞులు తేల్చిరి.